వోటు వేయుటయు, వోటు చేరుటయు

(పట్టణ గ్రంథాలయ పఠనమందిరమున జరిగిన సభలో చేసిన యుపన్యాసము)



వోటుహక్కు ఎంత పవిత్రమైనదో, దానిని ఎందుకు అమ్ముకొనరాదో మీరు పలుమార్లు వినియున్నారు. నేడు మేము ఆ ప్రసంగము చేయదలచి రాలేదు. మేమడుగదలచిన ప్రశ్న మిక్కిలి చిన్నది. వోటరు మనస్సులో నున్న పేరును, తుదకు లెక్కలో చేరిన పేరును ఒక్కటేనా? ఈ రెంటి నడుమనున్న దూరము జానెడు. కాని ఆ జానెడు దూరములో ఒక చీటియో, ఒక ముద్రయో, ఒక మీటయో నిలిచియున్నది. అది సరిగా పనిచేయనియెడల హక్కు చెక్కుచెదరకున్నను వోటు గల్లంతగును.

ఇది ఊహ కాదు. 2020 డిసెంబరు 1వ తేదీన హైదరాబాదు మహానగరపాలక సంస్థకు ఎన్నికలు జరిగినవి. అది మహమ్మారి కాలమగుటచే యంత్రములను మాని కాగితపు బ్యాలెట్టునే వాడిరి. వోటరునకు స్వస్తికాకృతి గల ముద్రనొసగి, కోరిన గుర్తుపై వేయుమనుట రివాజు. నేరేడ్మెట్టు డివిజనులో పోలింగు సిబ్బంది పొరపాటున ఆ ముద్రకు బదులు, బ్యాలెట్టు వెనుక తాము వేయవలసిన పోలింగు కేంద్రపు ముద్రను వోటర్లకిచ్చిరి. ఏ ముద్ర ఏదియో సామాన్య వోటరునకెట్లు తెలియును? ఇచ్చినదానిని పుచ్చుకొని, కోరినవారి గుర్తుపై శ్రద్ధతో వేసి, మడచి, పెట్టెలో విడిచి యింటికి పోయిరి. లెక్కింపునాడు చూడగా అట్టి వోట్లు 544 తేలినవి. ముందంజలోనున్న తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థికి వచ్చిన ఆధిక్యము 504! వేరు ముద్ర పడినను ఉద్దేశము స్పష్టమైనచో లెక్కింపవచ్చునని రాష్ట్ర ఎన్నికల సంఘము లెక్కింపునకు ముందటి రాత్రి ఉత్తరువు చేసెను. మరునాటి యుదయమున హైకోర్టు దానిని నిలిపివేసెను. ఫలితము ఆగిపోయెను. కొన్ని దినములకు న్యాయస్థానపు అడ్డు తొలగి, ఆ వోట్లు కూడ లెక్కింపబడి, ముందున్నవారే గెలిచినట్లు ప్రకటింపబడెను.

గెలిచినదెవరన్నది మాకు ముఖ్యము కాదు. ఆ 544 మంది చేసిన తప్పేమి? ఏమియు లేదు. వారి వోటు చెల్లునా చెల్లదా యని కొన్ని దినములపాటు న్యాయవాదులు వాదించుకొనవలసి వచ్చినది. ఒక రబ్బరుముద్ర తారుమారైనందున! అయినను ఒక్కమాట మీరు గుర్తుంచుకొనవలెను. ఆ తగవు తీరుటకు కారణము కాగితము చేతిలోనుండుటయే. 544 కాగితములును బల్లపై పరచి చూపగలిగిరి. ఈ విషయమునకు మరల వత్తుము.

మన దేశమున వోటు వేయు సాధనము పలుమార్లు మారినది. 1937లో చెన్నరాజధాని శాసనసభ యెన్నికలనాడు రంగుపెట్టెలుండెడివి, కాంగ్రెసువారిది పసుపుపెట్టె. పేరు చదువలేనివాడును రంగు చూచి చీటిని వేయగలడు. 1951-52లో వయోజనులందరకు వోటు వచ్చినప్పుడు, మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారికి ఈ చిక్కే యెదురయ్యెను. వోటర్లలో పెక్కుమంది నిరక్షరాస్యులు. కావున అభ్యర్థికొక పెట్టె చొప్పున ఉక్కుపెట్టెలుంచి, వానిపై గుర్తులంటించిరి. ఆ పెట్టెలు చేసినవానిలో మన హైదరాబాదు ఆల్విన్ కర్మాగారము కూడ నొకటి. బ్యాలెట్టు కాగితముపై ఏ గుర్తును వేయనక్కరలేదు. కోరినవారి పెట్టెలో వేసిన చాలును.

ఇంతకన్న సులభమైన పద్ధతి యుండునా? ఉండదనియే తోచును. కాని వోటరులందరు చీటిని పెట్టె రంధ్రములోనే వేయలేదు. కొందరు పెట్టెపైన ఉంచి వెళ్లిరి. కొందరి చీటీలు పెట్టెల నడుమ దొరికినవి. అవియన్నియు చెల్లనివే. ఇద్దరు సభ్యులను ఎన్నుకొనవలసిన నియోజకవర్గములలో వోటరునకు రెండు చీటీలిచ్చిరి. రెంటిని ఒక్క పెట్టెలోనే వేసినవాని వోటు ఒకటి కొట్టివేయబడెను. ఇంతకన్న ఘోరమైన లోపము వేరొకటి కలదు. తెర వెనుకకు పోయినవాడు చీటిని పెట్టెలో వేసెనో, జేబులో వేసికొని వెలుపల నున్న దళారికి అమ్మెనో చూచువారు లేరు. దళారి యట్టి చీటీలను పోగుచేసి తనవానిచేత నొక్కమారుగా వేయించిన, పెట్టెకేమి తెలియును? సౌలభ్యము కొరకు చీటిపై గుర్తు లేకుండ చేసిరి. గుర్తు లేకుండుటయే దొంగకు వరమయ్యెను.

ఆ హేతువు చేతనే 1957 ఎన్నికల తరువాత, మొదట ఉపయెన్నికలలోను, 1962 నాటికి దేశములో చాలభాగమునను, అభ్యర్థులందరి పేర్లును గుర్తులును ఒకే కాగితముపై ముద్రించి, ముద్ర వేయించు పద్ధతి వచ్చినది. ఈ ముద్రను గూర్చి కొంచెము వివరముగా చెప్పుదుము. న్యాయవాదులమగుటచే మాకు దీనిపై మక్కువ గలదు. స్వస్తికమువలె తిరుగుచున్న బాణపు రేకులు గల ఆ యాకారము దేవుని గుర్తని కొందరనుకొందురు. కాదు. కాగితమును మడచినప్పుడు తడిసిరా ఎదుటివైపున అంటును. గుండ్రని చుక్కయైనచో అసలేదో అంటినదేదో చెప్పలేము. రెండు గుర్తులపై ముద్రలున్నవని వోటు కొట్టివేయవలసి వచ్చును. ఈ ముద్ర యొక దిక్కుగా తిరుగుచుండును. అంటినది అద్దములోని బింబమువలె విపరీతముగా తిరుగును. చూడగనే అసలు నకలు తేలిపోవును. ఇంత చిన్న వస్తువులో నింత ఆలోచన యిమిడియున్నది! ఎన్నివేల వోట్లను ఈ వంకరరేకులు కాపాడెనో యెవరు లెక్కించిరి?

అయినను ముద్రతో తగవులు పోలేదు. 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనలలో 56వది ఏ బ్యాలెట్టును త్రోసివేయవలెనో చెప్పుచున్నది. వోటరెవరో తెలియజేయు గుర్తున్నచో చెల్లదు. ఇద్దరికి వేసినచో చెల్లదు. ఇచ్చిన సాధనముతోగాక వేరొక దానితో వేసినచో చెల్లదు. ఎవరికి వేసెనో సందేహమైనచో చెల్లదు. తుదిని ఒక దయగల వాక్యము కూడ నున్నది. ముద్ర మసకగా పడినను, ఒకటికంటె నెక్కువమార్లు పడినను, ఉద్దేశము స్పష్టముగా కనబడుచున్నచో ఆ కారణము మాత్రముచేత త్రోసివేయరాదట. ఈ దయగల వాక్యమే లెక్కింపుబల్లల యొద్ద జరుగు కలహములకెల్ల మూలము. మేము గ్రామపంచాయతీ లెక్కింపుల యొద్ద కూర్చున్నప్పుడు చూచితిమి. రెండు గుర్తుల నడిమి గీతపై ముద్ర పడిన కాగితమును చూపి ఒక ఏజెంటు "ఉద్దేశము స్పష్టము" అని గర్జించును. తరువాతి కాగితమున అదే ముద్ర అవతలివైపునకు ఒరిగి పడినచో ఆయనయే "సందేహాస్పదము, కొట్టివేయుడు" అని గర్జించును! ఇద్దరిని వారించి నిర్ణయించువాడు అలసిన యొక యుద్యోగి. మన పంచాయతీలలో ఈ పద్ధతి నేటికిని పోలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లోను, 2025 డిసెంబరులో తెలంగాణలోను గ్రామపంచాయతీ ఎన్నికలు కాగితముతోనే జరిగినవి.

కాగితమునకు మరియొక బాధ కలదు. పేర్లు పెరిగినకొలది కాగితమును పెరుగవలెను. 1996లో నల్లగొండ లోకసభ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో పెక్కుమంది ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోవుచున్న పల్లెల తరపున జలసాధన సమితి నిలిపిన వారు. గెలుచుటకు గాదు, తమ గోడు దేశమునకు వినిపించుటకు. ఉద్దేశము ధర్మమైనదే. కాని అంతమంది పేర్లలో తనవాని గుర్తును వెదకుకొనవలసిన వృద్ధురాలి స్థితి నూహింపుడు! ఆ యేడే ప్రభుత్వము లోకసభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచెను. నీటిసమస్యకు పరిష్కారముకన్న ధరావతు పెంపు ముందుగా వచ్చినది.

ఇక యంత్రము. దీనికిని మన హైదరాబాదునకును సన్నిహిత సంబంధము గలదు. ఎన్నికల సంఘము కోరగా హైదరాబాదులోని ఈసీఐఎల్ 1979లో నమూనా యంత్రమును చేసినది. బెంగుళూరులోని బీఈఎల్ జతచేరినది. నేటికిని మన వోటు యంత్రములు ఈ రెండు ప్రభుత్వ సంస్థల నుండియే వచ్చుచున్నవి. 1982లో కేరళలోని పరవూరు శాసనసభ స్థానమున 84 పోలింగు కేంద్రములలో 50 చోట్ల యంత్రములను మొదటిసారి వాడిరి. శివన్ పిళ్ళ గారు 123 వోట్ల తేడాతో గెలిచిరి. ఓడిన ఏ. సీ. జోసు గారు కోర్టుకు పోయిరి. చట్టములో "బ్యాలెట్టు" అన్నచో కాగితమేయని, యంత్రమునకు చట్టములో చోటు లేదని 1984లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆ 50 కేంద్రములలో కాగితముతో మరల పోలింగు జరుగగా జోసు గారు గెలిచిరి. యంత్రము తప్పులెక్క చెప్పెనని ఎవరును నిరూపింపలేదు. అది చట్టము వెలుపల నుండెను, అంతియే. 1988లో పార్లమెంటు చట్టమును సవరించి యంత్రమునకు చోటు కల్పించెను. 2004 లోకసభ ఎన్నికలలో దేశమంతటను యంత్రముతోనే వోటు వేసిరి.

యంత్రము చేసిన మేలును కాదనుట న్యాయము కాదు. నీలిమీట నొక్కగనే ఎర్రదీపము వెలుగును, కూత వినబడును. ఇద్దరికి వేయుట సాధ్యము కాదు. గీతపై ముద్ర లేదు, మసక లేదు, మడత లేదు. చెల్లని వోటు అనునది పోలింగు కేంద్రములో దాదాపు మాయమైనది. తపాలా వోట్లలో మాత్రము నిలిచియున్నది. పేదవాని వోటును, చదువురాని వాని వోటును ఇన్ని వేలు కాపాడిన సాధనమును, ఓడినవాడు తిట్టుచున్నాడని మనమును తిట్టరాదు. ఒక యెన్నికలో ఓడి యంత్రమును దూషించినవారు మరుసటి యెన్నికలో గెలిచి దానినే పొగడుటను మనము చూచుచునే యున్నాము. పెద్ద కాగితపు బాధకును యంత్రము కొంత మందు వేసినది. 2019లో నిజామాబాదు లోకసభ స్థానమున 185 మంది నిలిచిరి. అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న పండించు రైతులు. గిట్టుబాటు ధర కొరకు, పసుపుబోర్డు కొరకు వారు చేసిన సత్యాగ్రహమది. ఒక్కొక్క పలకపై 16 పేర్లు. కావున పోలింగు కేంద్రమునకు 12 పలకలు చొప్పున వరుసగా పేర్చి ఎన్నిక జరిపిరి. వోటు జరిగినది. కాని పండ్రెండు పలకల ముందు నిలిచి వెదకుట, నల్లగొండ కాగితముకన్న సుఖమా? సందేహమే.

ఏలయన యంత్రము నొక్కినదానిని తప్పక వ్రాసికొనును గాని, నొక్కదలచినదానిని వ్రాసికొనదు. 2019లోనే భువనగిరిలో జరిగినది చూడుడు. కారు గుర్తు గల తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి 5,219 వోట్ల తేడాతో ఓడిపోయెను. రోడ్డురోలరు గుర్తు గల యొక యభ్యర్థికి 27 వేలకు పైగా వోట్లు పడినవి. మావారు కారనుకొని రోలరును నొక్కిరని ఆ పక్షము వాపోయెను. నిజమై యుండవచ్చును, కాకపోవచ్చును. రహస్యవోటు గనుక ఎవనిని పిలిచి అడుగుటకు వీలులేదు. యంత్రము దృష్టిలో ప్రతి వోటును నిక్కమే. గుర్తుల బొమ్మలు గీచు చేయి ఎంత జాగరూకతతో నుండవలెనో దీనివలన తెలియుచున్నది.

ఈ సందర్భమున అమెరికా ముచ్చట యొకటి చెప్పక తప్పదు. 2000 సంవత్సరపు అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడా రాష్ట్రమున బుష్ గారు గెలిచినది 537 వోట్లతో. అచట పలు జిల్లాలలో వోటరు ఒక అట్టకార్డును యంత్రములో దూర్చి, సూదివంటి పుల్లతో చిన్న గడినొక్కటి పొడిచి రంధ్రము చేయవలెను. ఆ గడిముక్క పూర్తిగా ఊడిపడినచో లెక్కించు యంత్రము రంధ్రమును గుర్తించును. ఒక మూలన వ్రేలాడుచున్నచో? పొడిచినగుంట మాత్రమేర్పడి ముక్క అట్లే యున్నచో? ఆ గడిముక్కలను వెలుతురుకెత్తి, కన్నులు చికిలించి చూచుచున్న యుద్యోగుల ఛాయాచిత్రములు ఆనాడు లోకమంతయు వ్యాపించినవి. చంద్రునిపై కాలుమోపిన దేశము అట్టముక్క దగ్గర ఆగిపోయినది! పామ్‌బీచ్ జిల్లాలో వింత వేరు. వృద్ధులకు తెలియవలెనని అక్షరములు పెద్దవిచేయబోయి, పేర్లను ఎదురెదురు పుటలలో ముద్రించి నడుమ రంధ్రములుంచిరి. ఎడమపుటలో రెండవ పేరు గోర్ గారిది. దాని రంధ్రము మూడవది. రెండవ రంధ్రము కుడిపుటలోని బ్యుకానన్ గారిది. ఆ జిల్లాలో బ్యుకానన్ గారికి 3,407 వోట్లు పడినవి. ఆయన సైతము అవి తనవని నమ్మలేదు. రెండు రంధ్రములు పొడిచి చెల్లకపోయిన కార్డులు 19 వేలకు పైగా. మంచి చేయబోయిన అచ్చుపుట యొకటి, 537 వోట్ల యెన్నికలో ఎంతపని చేసెనో యోచింపుడు.

ఆ యవమానము భరింపలేక అమెరికావారు 2002లో చట్టము చేసి, అట్టకార్డులను తీసివేయుటకు రాష్ట్రములకు ధనమిచ్చిరి. అనేక జిల్లాలు తాకుతెర యంత్రములను కొన్నవి. నాలుగేండ్లకు, 2006లో, అదే ఫ్లోరిడాలోని సరసోటా జిల్లాలో కాంగ్రెసు సభ్యుని ఎన్నికకు వచ్చిన తేడా 369 వోట్లు. ఇతర పదవులకు వోటు వేసియు ఈ పదవికి వేయనట్లు యంత్రములు చూపిన వోటర్లు సుమారు 18 వేలు! వారు కావలెననియే మానిరా? తెరపై ఆ పోటీ కనుమరుగుగా నుండుటచే చూడలేదా? యంత్రము మింగెనా? తెరయొక్క కూర్పే కారణమై యుండునని పెక్కుమంది పరిశీలకులు తలచిరి. కాని తిరిగి లెక్కించుటకు కాగితము లేదు. మరల లెక్కించుమన్న యంత్రము మరల అదే అంకె చెప్పును. అట్టకార్డు నాడు కలహించుటకైనను ఒక ముక్క యుండెను.

బెల్జియములోని స్కార్‌బెక్ పట్టణమున 2003లో జరిగినది ఇంతకన్న చిత్రము. ఒక అభ్యర్థికి, ఆమె పక్షమునకు రాగలిగిన మొత్తము కన్న మించి వోట్లు తేలినవి. మరల లెక్కించి చూడగా అధికముగా చేరినవి సరిగా 4,096. గణితము తెలిసినవారు వెంటనే గ్రహింతురు: రెండును పండ్రెండుమార్లు తనతో గుణించిన వచ్చు సంఖ్య యది. యంత్రపు జ్ఞాపకములో ఒక్క గడి, సున్న యుండవలసినచోట ఒకటిగా తనంత తాను మారినదని నిపుణులు తేల్చిరి. దొంగ లేడు, కుట్ర లేదు. అసాధ్యమగు సంఖ్య వచ్చినందున పట్టుబడినది గాని, సంభావ్యమగు సంఖ్యయే వచ్చియున్నచో ఎవరికిని అనుమానము కలుగకపోవును. వోటర్ల అయస్కాంతపు కార్డులు భద్రపరచియుండుటచే మరల లెక్కింపగలిగిరి. 2009లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానము మరియొక మెట్టెక్కి, ప్రత్యేక శాస్త్రజ్ఞానము లేని పౌరుడు కూడ లెక్కను స్వయముగా పరీక్షింపగలుగవలెననియు, తాము వాడిన యంత్రములకు ఆ గుణము లేదనియు చెప్పి వానిని రాజ్యాంగ విరుద్ధములని ప్రకటించెను.

మన సుప్రీముకోర్టు 2013లో కాగితపు సాక్ష్యము స్వేచ్ఛగా న్యాయముగా జరుగు ఎన్నికలకు అత్యవసరమని చెప్పెను. ఆ యేడే నాగాలాండులోని నోక్సెన్ ఉపయెన్నికలో చీటీయంత్రమును మొదటిసారి వాడిరి. వీవీప్యాట్ అని దానికి పేరు. మీట నొక్కినంతనే వరుససంఖ్య, పేరు, గుర్తు గల చీటి అద్దము వెనుక ఏడు సెకండ్లు కనబడి, తెగి పెట్టెలో పడును. మీరు దీనిని చూచియుందురు. చూచియుందురని యనుచున్నాము గాని, నిజముగా ఎందరు చూచుచున్నారు? కూత వినగనే వెనుదిరుగువారే యెక్కువ. ఆ యేడు సెకండ్లు మీకు చట్టమిచ్చిన ఏకైక తనిఖీ.

ఇచట మా వాదమునకు ముఖ్యమగు నిబంధన యొకటి గలదు. 56-డి నిబంధన ప్రకారము, యంత్రపు లెక్కకును చీటీల లెక్కకును భేదము వచ్చినచో చీటీల లెక్కయే నెగ్గును. అనగా ఏది అసలు వోటో, ఏది దాని నీడయో చట్టమే నిర్ణయించినది. చీటి అసలు. అట్లయినచో మనమేమి చేయుచున్నాము? అసలును పెట్టెలో నుంచి ముద్రవేసి, నీడను లెక్కించి ఫలితమును ప్రకటించుచున్నాము! 2019 ఏప్రిలులో, చంద్రబాబు నాయుడు గారు మొదలుగా 21 మంది ప్రతిపక్ష నాయకులు వేసిన అర్జీపై, శాసనసభ నియోజకవర్గమునకు ఒకటిగా నున్న చీటీపెట్టెల తనిఖీని సుప్రీముకోర్టు అయిదింటికి పెంచినది. 2024 ఏప్రిలు 26వ తేదీన న్యాయమూర్తులు సంజీవ్ ఖన్నా, దీపాంకర్ దత్తా గార్లు, చీటీలన్నిటిని లెక్కింపవలెనను కోరికను, కాగితపు బ్యాలెట్టునకు మరలవలెనను కోరికను త్రోసిపుచ్చిరి.

ఆ తీర్పులో చెప్పబడిన సంగతి యొకటి మన కడప జిల్లాకు చెందినది. 2019లో దేశమంతట తనిఖీ చేసిన ఇరువదివేలకు పైగా చీటీపెట్టెలలో భేదము కనబడినది ఒక్కచోటనే. మైదుకూరు నియోజకవర్గములోని ఒక పోలింగు కేంద్రమున. కారణము మోసము గాదు. పోలింగునకు ముందు ఏజెంట్ల యెదుట నమూనాగా కొన్ని వోట్లు వేసి చూపుదురు. పిదప ఆ లెక్కను యంత్రము నుండి చెరిపివేయవలెను. అది చెరుపబడలేదు. నమూనా వోట్లు అసలు వోట్లతో కలిసిపోయినవి. యంత్రము నమ్మదగినదనుటకు ఈ ఒక్క దృష్టాంతము చాలునని వాదింపవచ్చును, ఆ వాదమును మేము గౌరవింతుము. ఇరువది వేలలో ఒకటి గొప్ప లెక్కయే. అయితే ఆ యొక్కటి కూడ ఎట్లు తెలిసినది? చీటీలు లెక్కించినందుననే గదా! లెక్కింపని పెట్టెలలో మైదుకూరులెన్నియో చీటీలే చెప్పవలెను.

అయిదు పెట్టెల తనిఖీ బలమెంతయో చూతము. నియోజకవర్గమున 250 పోలింగు కేంద్రములున్నవనుకొనుడు. వానిలో అయిదింట ఏదో యొక లోపము జరిగినదనుకొనుడు. లాటరీ వేసి అయిదు పెట్టెలు తీసినచో, లోపమున్న పెట్టె ఒక్కటియు చేతికి రాకుండుటకే పదింట తొమ్మిది పాళ్లు అవకాశము గలదు. ఎవరైనను కాగితము, పెన్సిలు పుచ్చుకొని చూచుకొనవచ్చును. గెలుపు ఇరువదివేల వోట్లతోనైనచో ఆ యయిదు కేంద్రముల లోపమువలన ఫలితము మారదు. మాకు చింత లేదు. కాని 2019లో విజయవాడ సెంట్రలు స్థానమున గెలుపోటముల తేడా 25 వోట్లు! ఇరువదివేల తేడాకును అయిదు పెట్టెలే, ఇరువదియైదు తేడాకును అయిదు పెట్టెలేయన్నచో, అది తనిఖీ యగునా, తంతు యగునా? తేడా స్వల్పమైనకొలది తెరచు పెట్టెల సంఖ్య పెరుగవలెను. తేడా మరీ స్వల్పమైనచో అన్నిటిని తెరువవలెను. దీనికి దేశమంతటి చీటీలను లెక్కింపనక్కరలేదు, ఫలితములు వారములు ఆగనక్కరలేదు. సుప్రీముకోర్టు తీర్పునకు మేము శిరసు వంచుచున్నాము. కాని యెన్నికల సంఘము తనంత తాను ఈ మార్పు చేయుటకు ఆ తీర్పు అడ్డుకాదని మా యభిప్రాయము.

మరియొక నిబంధనను గూర్చి మాకు అసంతృప్తి గలదు. తాను నొక్కినది ఒకటి, చీటిపై వచ్చినది వేరొకటియని వోటరు ఫిర్యాదు చేసినచో, 49-ఎంఏ నిబంధన క్రింద అతనిచేత వ్రాతపూర్వకముగా ప్రమాణము తీసికొని, ఏజెంట్ల యెదుట పరీక్షవోటు వేయింతురు. అది సరిగా వచ్చినచో ఫిర్యాదు అబద్ధమని శిక్షకు గురికావలసి రావచ్చును. మొదటిసారి తప్పి రెండవసారి ఒప్పిన యంత్రము లోకములో లేదా? మన యింటి గడియారములే చాలవా? బెదరింపు క్రింద నిలిచి ఫిర్యాదు చేయువాడెవడు? ఫిర్యాదులు లేవు గనుక లోపములు లేవనుట న్యాయశాస్త్రము కాదు.

సభలో నున్నవారిలో రాబోవు ఎన్నికలలో ఏజెంట్లుగా కూర్చుండువారు కొందరుందురు. వారికి నాలుగు మాటలు. నమూనా పోలింగు ముగిసిన పిదప లెక్క చెరిపినట్లు, చీటీలు పెట్టె నుండి తీసినట్లు మీ కన్నులతో చూచినగాని సంతకము చేయకుడు. సాయంకాలము పోలింగు ముగియగనే, నమోదైన వోట్ల మొత్తము చూపు 17-సి పత్రపు నకలును ప్రిసైడింగు అధికారి నుండి అడిగి పుచ్చుకొనుడు. అది మీకు హక్కు. లెక్కింపునాడు ఆ పత్రములో నున్న మొత్తమును, యంత్రము చూపు మొత్తమును ఒక్కొక్క కేంద్రమునకు సరిచూచుకొనుడు. తేడా స్వల్పముగా నున్నచో, ఫలము చదివి వినిపించిన తరువాత, ఏ కేంద్రపు చీటీలు లెక్కింపవలెనో పేర్కొని 56-డి క్రింద రిటర్నింగు అధికారికి వ్రాతపూర్వకముగా దరఖాస్తు ఇయ్యవచ్చును. అతడు ఒప్పుకొనకపోవచ్చును, కాని నిరాకరించినచో కారణములను వ్రాసి యీయవలెను. ఆ కాగితమే రేపు న్యాయస్థానమున మీకు అక్కరకు వచ్చును. రెండవ, మూడవ స్థానములలో నిలిచినవారు 2024 తీర్పు ప్రకారము ఫలితము ప్రకటింపబడిన ఏడు దినములలోపల, నియోజకవర్గమున నూటికి అయిదు వంతుల యంత్రముల జ్ఞాపకపు భాగమును తనిఖీ చేయింపుమని కోరవచ్చును. ఖర్చు వారిదే, లోపము తేలినచో తిరిగి వచ్చును. ఎన్నికల పిటీషనునకు గడువు 45 దినములు.

దరఖాస్తును లెక్కింపుశాలలో కూర్చుండి వ్రాయుటకు సమయముండదు. ముందటి రాత్రియే వ్రాసి, కేంద్రముల సంఖ్యలకు ఖాళీ విడిచి, జేబులో నుంచుకొని పొండు.